రెండు శాతం, రెండెకరాలు

ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా 175 నియోజకవర్గాల పేర్లూ వరస తప్పకుండా చెప్పేవాణ్ని. 2019లో ఏ సీటులో ఎవరికి ఎంత మెజారిటీ వచ్చింది, ఈసారి టికెట్టు ఎవరికి తెగింది, తెగినవాడు ఎవరి మీద అలిగాడు, ఆ అలక ఎన్ని వేల ఓట్లకు సమానం, అన్నీ నోటిమీదే. 2024 వేసవిలో అశోక్‌నగర్‌లో గ్రూప్‌-2 మెయిన్స్‌కి చదువుతున్న మా బ్యాచీలో నా పరపతి అంతా ఈ విద్య వల్ల వచ్చిందే. మెస్సులో పప్పు గిన్నె ముందు నా దగ్గరికే వచ్చేది. "అన్నా, పిఠాపురం ఏమంటోంది?" అని అడిగేవాళ్లు. పిఠాపురం నాకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పినట్టు జవాబిచ్చేవాణ్ని. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు.

నా విద్యకు ముడిసరుకు డ్రోన్ షాట్లు. మాది అద్దంకి పక్క పల్లె. మార్చి 10న మాకు దక్షిణాన మేదరమెట్లలో వైఎస్సార్‌సీపీ 'సిద్ధం' సభ పెట్టింది. వారం తిరిగేసరికి ఉత్తరాన చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో తెలుగుదేశం-జనసేన-బీజేపీ కూటమి సభ జరిగింది, ప్రధాని మోదీ కూడా వచ్చారు. రెంటినీ హైదరాబాదులో మంచం మీద పడుకుని చూశాను. తెరమీద ఓ చదరం గీసుకుని, అందులో తలకాయలు లెక్కపెట్టి, దాన్ని మైదానం మొత్తానికి హెచ్చవేసేవాణ్ని. మేదరమెట్ల చూసిన రాత్రి వీళ్లదే గెలుపన్నాను. బొప్పూడి చూసిన రాత్రి వాళ్లదే అన్నాను. రెండు రాత్రులూ అవే గొంతు నరాలు ఉబ్బాయి. పెళ్లిలో లేచిన విస్తళ్లు లెక్కపెట్టి కాపురం ఎలా సాగుతుందో చెప్పడంలాంటి పని ఇది. అప్పుడు మాత్రం దాని పేరు గ్రౌండ్ రిపోర్టు.

చివరికి ఎటూ దెబ్బ తగలని మాట ఒకటి దొరికింది: హోరాహోరీ. 95-80 అని తేల్చాను. ఏ పక్షానికి 95, ఏ పక్షానికి 80 అన్నది ఆ పూట టీ డబ్బులు ఎవరు ఇస్తున్నారన్నదాన్ని బట్టి మారేది.

పగలంతా చదివేది పాలిటీ. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించింది 61వ సవరణ. ఎన్నికల సంఘం 324వ అధికరణం, వయోజన ఓటు హక్కు 326. అభ్యర్థి ఆస్తులూ కేసులూ ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఆస్తి హక్కును 44వ సవరణ 1978లో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ కింద పెట్టింది. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా నియోజకవర్గం అభ్యర్థుల అఫిడవిట్లు మాత్రం ఒక్కటీ తెరవలేదు. అవి సిలబస్‌లో లేవు.

పోలింగు మే 13, సోమవారం. శనివారం నుంచే హైదరాబాదు ఖాళీ అవడం మొదలైంది. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు సంక్రాంతికి మించి బారులు తీరాయి. నార్కెట్‌పల్లిలో మలుపు తిరిగి అద్దంకి రోడ్డెక్కేసరికి బస్సులో సగం మందికి నా జోస్యం చేరిపోయింది. పోలింగుకు ముందు 48 గంటలు ప్రచారం ఆపాలని చట్టం. నాలాంటి వాళ్ల నోళ్లకు ఆ చట్టం వర్తించదు.

ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటున్నాను. నాన్న బీరువాలోంచి పాస్‌బుక్కు తీసుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఊళ్లో రీసర్వే అయిపోయాక ఇచ్చిన కొత్తది, అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉన్నది.

"ఏరా, నువ్వు రాజ్యాంగం అదీ చదువుతున్నావు గదా. ఈ ల్యాండ్ టైట్లింగ్ అంటున్నారే, రేపు గట్టు తగాదా వస్తే కోర్టుకి పోవడానికి లేదంట, నిజమేనా?"

నేను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అన్న మాట ఇది: "అది ఎలక్షన్ టాపిక్ నాన్నా. దాని ఇంపాక్టు రెండు శాతం మించదు."

"రెండు శాతం సంగతి కాదురా, మన రెండెకరాల సంగతి."

దానికి నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పి ఉంటే కొంత మర్యాద దక్కేది. రూరల్ ఓటు, అర్బన్ ఓటు, ఓటు బదిలీ అంటూ ఇంకాసేపు వాయించాను. నాన్న ఓపిగ్గా విని, పాస్‌బుక్కు కవర్లో పెట్టుకుని, ఊళ్లో ఉండే ప్లీడరు గుమాస్తా ఇంటివైపు వెళ్లాడు. ఆయన వెళ్లాక కూడా అమ్మకు రాయలసీమ లెక్క చెబుతూనే ఉన్నాను.

మర్నాడు ఓటేశాను. ఎవరికన్నది చెప్పను గానీ ఎందుకన్నది చెప్పాలి. మా సీటులో ఎవరు గెలుస్తారని నేను నలుగురికీ చెప్పానో అతనికే వేశాను. అతని పని నచ్చి కాదు, మాట నచ్చీ కాదు, నా లెక్క తప్పకూడదని. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనపడి పడిపోయింది. ఆ ఏడు సెకన్లూ ఓటరుగా కాక జ్యోతిష్కుడిగా నిలబడ్డాను.

ఆ రోజు కొన్ని బూతుల్లో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగు నడిచింది. రాష్ట్రం మొత్తం మీద 81 శాతం దాటింది. ఆడవాళ్ల బారులు చూసి ఒకరు పథకాల ఓటన్నారు, మరొకరు కోపం ఓటన్నారు. నేను రెండూ అన్నాను. జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ తలో దారి పట్టాయి. అవీ నాలాగే ఉన్నాయని సంబరపడ్డాను.

జూన్ 4 మధ్యాహ్నానికి తేలిపోయింది. కూటమికి 164, వైఎస్సార్‌సీపీకి 11. జనసేన పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచింది. మెస్సులో పప్పు గిన్నె ఆ రోజు నా దాకా వచ్చేసరికి అడుగు కనపడుతోంది.

సీట్లు తప్పినందుకు పెద్దగా సిగ్గుపడలేదు, పెద్ద పెద్ద సర్వేలే తప్పాయి. సిగ్గేసింది ఓట్ల శాతాలు చూశాక. ఓడిన పార్టీకి వందకు 39 ఓట్లు వచ్చాయి. అంటే మేదరమెట్ల మైదానంలో జనం అబద్ధం కాదు. వందలో 39 మంది అభిమానించే పార్టీకి ఏ మైదానమైనా నిండుతుంది. 2019లో తెలుగుదేశానికి వచ్చిందీ ఇంచుమించు 39 శాతమే, దక్కినవి 23 సీట్లు. అప్పుడు వైఎస్సార్‌సీపీ దాదాపు 50 శాతంతో 151 గెలిచింది. ప్రతి సీటులోనూ ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే గెలుపు కాబట్టి ఓట్లలో కొంచెం జరిగితే సీట్లలో కొండ కదులుతుంది. ఈ పద్ధతి లాభనష్టాల మీద పది మార్కుల ప్రశ్నకు నేను రాసుకున్న నోట్సు నా బల్ల మీదే ఉంది. దాని పక్కనే 95-80 అని రాసిన కాగితం. రెండూ ఒకే చేతిరాత.

తర్వాత నాన్న అడిగిన ఆ ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చుకుని చదివాను. అంతకుముందు రాష్ట్రంలో న్యాయవాదులు ఎందుకు రోడ్డెక్కారో అప్పుడు తెలిసింది. టైటిల్ రిజిస్టర్లో పేరెక్కాక రెండేళ్లలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తుది హక్కు. తగాదా వస్తే సివిల్ కోర్టు కాదు, ముందు టైట్లింగ్ అధికారి, ఆపైన అప్పిలేట్ అధికారి, ఆ తర్వాతే హైకోర్టు. రీసర్వే పూర్తయ్యేదాకా అమలు చేయబోమని అప్పటి ప్రభుత్వం చెప్పిన మాట కూడా ఉంది. నాన్న అడిగినదానికి "సివిల్ కోర్టుకి పోలేం, హైకోర్టు దాకా మెట్లున్నాయి, ఇప్పుడే అమలు చేయబోమంటున్నారు" అని మూడు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. దాన్ని బట్టి ఎవరికి ఓటెయ్యాలో ఆయన చూసుకునేవాడు. నేను నోట్సు పూర్తిచేసే సమయానికి, జూలైలో, కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్నే రద్దు చేసింది. ఫోన్ చేసి చెబితే నాన్న, "గుమాస్తా అప్పుడే అంతా చెప్పాడులేరా" అన్నాడు.

తెలివి వచ్చేసిందని చెబితే అది ఇంకో జోస్యం అవుతుంది. ఇప్పటికీ ఎవరైనా "ఈసారి ఎవరన్నా?" అంటే నాలుక దురద పెడుతుంది. ఎందుకో ఇప్పుడు తెలుసు. సీట్ల లెక్క తప్పితే నాకు పోయేది కాస్త పప్పు. పొలం మాట తప్పు చెబితే మా ఇంట్లో పోయేది రెండెకరాలు. పోగొట్టుకునేది ఏమీ లేని ప్రశ్నలోనే నేను పండితుణ్ని అయ్యాను.