జాగా

పలాస అవతల, ఉద్దానంలో ఒక చిన్న ఊరు. ఫ్రాన్సిస్ పోపు గారు 2025 ఏప్రిల్ 21న, ఈస్టరు మర్నాడు, కన్నుమూశారన్న కబురుకు ఆ ఊళ్లో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదు. 26న అంత్యక్రియలు మన లెక్కన మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలైతే, టీవీ ఉన్న ప్రతి ఇల్లూ నిండిపోయింది. శ్రీకాకుళం మేత్రాసనాన్ని 1993లో ఏర్పాటు చేసింది రెండో జాన్ పాల్ గారు కాబట్టి పెద్దవాళ్లకు ఆయనంటే గురి. పేటవాళ్లకు మాత్రం ఫ్రాన్సిస్ గారే. 2022లో మన పూల ఆంథోని గారిని కార్డినల్‌ని చేసింది ఆయనే కదా. దళిత కుటుంబంలో పుట్టి ఆ హోదా అందుకున్న మొట్టమొదటివాడు తెలుగువాడు కావడం వాళ్లకు చిన్న సంగతి కాదు.

ఆదివారం సాయంత్రం పోపు గారి ఆత్మశాంతికి గుడిలో దివ్యపూజ పెట్టారు. పందిరి, మైకు, ఊరందరికీ భోజనాలు, ఖర్చంతా ఊరి పెద్దాయన ఒకరిది. గుడి వెనక జీడిమామిడి తోట కూడా ఆయనదే. పేరు కోసం పెట్టిన ఖర్చు కాదది. పోపు గారంటే ఆయనకు ప్రాణం. 2013లో పోపు అయిన పక్షం రోజులకే పవిత్ర గురువారం నాడు కుర్రాళ్ల జైలుకెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగారనీ, వాళ్లలో ఆడపిల్లలూ ముస్లింలూ ఉన్నారనీ మైకులో చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది.

తర్వాత ఉపదేశి పోపు గారి వీలునామా చదివాడు. చాలా చిన్నది. వాటికన్‌లో వద్దు, రోములోనే ఉన్న మరియమాత పెద్ద గుడిలో తనను పెట్టమన్నారు. ఏ ప్రయాణానికి ముందైనా, తర్వాతైనా ఆయన వెళ్లి దండం పెట్టుకొనే చోటు అది. సమాధి నేలలోనే ఉండాలి, అలంకారాలు వద్దు, పేరొక్కటే చెక్కాలి. ఖర్చుకు ఒక దాత సొమ్ము ఇస్తున్నాడని కూడా రాశారు. వాటికన్ బయట పోపును సమాధి చేసి అప్పటికి వందేళ్లు దాటిపోయింది. అయినా ఆయన మాట చెల్లింది.

వెనక చాప మీదినుంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది. ఏళ్ల తరబడి ఆ గుడి గంట కొట్టినవాడి భార్య. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ చేతులతోనే కొంగు సర్దుకుని ఉపదేశిని అడిగింది.

"ఆరు అడిగినకాడే పెట్టినారేటి బాబూ?"

"అక్కడేనమ్మా."

"కాయితమ్మీద రాసుకున్నట్టే?"

"అచ్చం అలాగే. పూర్వీకుల సీమ నుంచి తెచ్చిన రాయి, దానిమీద పేరొక్కటే. ఎవరో తెల్ల గులాబీ కూడా పెట్టారు."

ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "పోన్లే తండ్రీ, సల్లగా పడుకున్నాడు" అంది. కళ్లు తుడుచుకుంది. కూర్చోబోతూ ఆగి, ముందు వరసలో ఉన్న పెద్దాయన వైపు తిరిగింది. గొంతులో నిష్ఠూరం లేదు. తప్పంతా తమదే అన్నట్టు మెల్లగా అంది.

"మా ముసిలోడు కూడా గంట ఇనపడే కాడ ఎట్టమనే అడిగినాడు బాబూ, మీ తోట మూల నాలుగు మూరలు. గెడ్డ ఒడ్డున ఎట్టినాం. వానలకి ఆ ఒడ్డు కొట్టుకుపోనాది. సదువు రానోడు గదా, నోటితోటే అడిగినాడు. కాయితం రాసుంటే మీరు ఇవ్వకపోదురా?"