గుమ్మఘట్ట మాస్ బ్యాలెన్స్

కెమికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాడికి సొంతూళ్లో దక్కే మర్యాదే వేరు. ‘కెమికల్’ ఒక్కటే చెవిన పడినవాళ్లు శెనక్కాయ చేనుకు తెగులొస్తే ఆకు తుంచుకొచ్చి చేతిలో పెడతారు. ‘ఇంజనీరు’ విన్నవాళ్లు బోరు మోటారు స్టార్టరు విప్పుకొస్తారు. పాఠాలు చెప్తానని మాత్రమే తెలిసినవాళ్లు, “ఏమప్పా, ఇంకా పర్మనెంటు కాలేదా?” అంటారు. తెగులు, మోటారు సంగతి ఎలాగో దాటేస్తాను గానీ, ఈ మూడోదానికే నా దగ్గర జవాబుండదు.

మా చదువంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది. వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే నిలవ తేలుతుంది. దీన్నే మాస్ బ్యాలెన్స్ అంటాం. కంప్యూటర్ సీటు రాక మా బ్రాంచికి చేరిన పిల్లలు ఆ సమీకరణం వైపు దిగులుగా చూసి, “సార్, ఇది ఇంపార్టెంటా?” అంటారు.

అనంతపురం జిల్లాలోని మా గుమ్మఘట్ట మండలంలో దాన్ని ఎవరికీ నేర్పనక్కర్లేదు. వేదవతి మీద మాకు భైరవానితిప్ప ప్రాజెక్టుంది. ఎగువన, కర్ణాటకలో, 1907లో పూర్తయిన మారికణివె ఆనకట్ట ఉంది. అది 1933లో నిండి పొర్లింది, మళ్లీ పొర్లింది 2022లో. వాన చూస్తే జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ. నీళ్లుండాలే గానీ మా ఎండ దానికి మూడు రెట్లు తాగగలదు. రావలసింది ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, పోవలసింది మాత్రం ఒక్కరోజూ నాగా పెట్టదు. అంత అటెండెన్సు నా క్లాసులో ఇంతవరకు ఎవరికీ లేదు. ఇక నిలవ అంటారా, హంద్రీ–నీవా కాలువ నీళ్లు జీడిపల్లి జలాశయం నుంచి తెస్తామన్న హామీలున్నాయి. అవి ఆవిరి కావు గనక ఏటేటా పెరుగుతున్నాయి.

లెక్క అయ్యాక మా చదువులో పనులొస్తాయి. 1915లో అమెరికాలో ఆర్థర్ లిటిల్ అనే ఆయన, ఏ కెమికల్ ఫ్యాక్టరీ అయినా ఎండబెట్టడం, దంచడం, జల్లించడం, వడగట్టడం లాంటి కొన్ని పనుల కూర్పేనని తేల్చాడు. ఆ పనులకు యూనిట్ ఆపరేషన్స్ అని పేరు పెట్టాడు. మా సిలబస్ ఇప్పటికీ ఆ దారినే నడుస్తోంది.

ఎండబెట్టడం గురించి మా మామకు చెప్పబోయాను. అప్పుడే పెరికిన శెనక్కాయలో నూటికి నలభై పాళ్ల దాకా తేమ ఉంటుంది. అది ఎనిమిది, తొమ్మిదికి దిగాలి, లేకపోతే బూజు పట్టి విషమవుతుంది. మామ ఒక కాయ చెవి దగ్గర ఆడించి, గలగల విని, “ఇంకొక్క ఎండ గావాల” అన్నాడు.

“మీ కాలేజీలో ఎట్ల జూస్తారు అల్లుడూ?”

“ఓవెన్లో పెట్టి తూస్తాం మామా. మళ్లీ పెట్టి మళ్లీ తూస్తాం. బరువు తగ్గడం ఆగేదాకా.”

“అంతసేపు మండీలో యాపారి నిలబడతాడా?”

ఓవెన్ రిపేరులో ఉన్న ఏడాది కూడా పిల్లల రికార్డుల్లో గ్రాఫు చక్కగా వంపు తిరిగిందని ఆయనకు చెప్పలేదు. సీనియర్ల రికార్డులుండగా ఓవెన్‌తో పనేముంది?

నూనెల దగ్గరైనా నా చదువు పరువు నిలబెడదామనుకున్నాను. అనంతపురంలో 1949 నుంచీ నూనెల మీద పరిశోధనా సంస్థ ఉన్న జిల్లా మాది. “గానుగాడించినా చెక్కలో ఇంకా బోలెడు నూనె మిగిలిపోతుంది మామా. మేమైతే హెక్సేన్ అనే ద్రావకం పోసి, నూటికి ఒక పాలు కూడా మిగలకుండా లాగేస్తాం. తర్వాత వేడిచేస్తే హెక్సేన్ 69 డిగ్రీలకే ఆవిరై మళ్లీ మన చేతికొస్తుంది.”

మామ కాసేపు ఆలోచించాడు. “ఆ చెక్క తినేది మన ఎద్దు. అంటే దాని నోటికాడి కూడు లాగేదానికా నువ్వు అంత చదివింది?”

ఏ కాన్ఫరెన్సులోనూ నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. అక్కడ ప్రశ్నల టైముకు భోజనాలు పెట్టేస్తారు.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. కౌన్సెలింగ్‌లో మీ పిల్లలకు కెమికల్ సీటొస్తే మొహం వేలాడేయకండి. చేరేలోపు ఒక్క శెనక్కాయల సీజను కళ్లంలో పని చేయించండి. మొదటేడాది పాఠాలు సగం అక్కడే వచ్చేస్తాయి. ఫీజు మాత్రం మొత్తం కట్టాల్సిందే.