మైకు కొనకండి, ట్యూనర్‌ని పిలవండి

ఇంట్లో ఉన్న పియానోను రికార్డు చేసుకోవాలని నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నారా? అందులో ఒక్క రూపాయి కూడా మైకు మీద పెట్టొద్దు. పాకాలలో ఈ మాట అంటే ఎవరూ ఒప్పుకోరు. సంగీతం తెలిసినవాళ్లు కూడా ముందు మంచి మైకు కొనమనే చెబుతారు. నేను మాత్రం ఇంకోటి చెబుతాను. చెన్నై నుంచో బెంగళూరు నుంచో ట్యూనర్‌ని పిలిపించండి. రానుపోను ఛార్జీలు, కూలి బేరమాడకుండా ఇచ్చి, కడుపునిండా భోజనం పెట్టి పంపండి.

పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. మధ్య, పై స్థాయి మెట్లకు ఒక్కోదానికి మూడేసి. మెట్టు నొక్కితే లోపలి సుత్తి మూడింటినీ ఒకేసారి కొడుతుంది. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి జారినా స్వరం నిలవదు. నమ్మకపోతే ఒక మెట్టు నొక్కిపట్టి చెవి పెట్టండి. వాఁ... వాఁ... అని ఊగుతూ సన్నగిల్లుతుంది. వాయించేటప్పుడు ధ్యాస పాట మీద ఉంటుంది కాబట్టి అది పట్టదు. రికార్డు చేసి రెండోసారి వింటే ఆ ఊగుడు తప్ప ఇంకేమీ వినబడదు. ఖరీదైన మైకు దాన్ని ఇంకా విడమరిచి వినిపిస్తుంది.

ట్యూనింగ్‌కూ కాలం ఉంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు లోపలి సౌండ్‌బోర్డు చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. ఎండలు ముదిరితే చెక్క ఆరి శ్రుతి దిగుతుంది. అందుకని సంక్రాంతి దాటాక శ్రుతి చేయించి, ఆ వారంలోనే రికార్డు చేసేయండి.

దేంతో అంటారా? చేతిలో ఉన్న ఫోనుతోనే. మామూలు వాయిస్ రికార్డర్ మాత్రం వాడొద్దు. అది మాటల కోసం చేసింది. పియానో స్వరం మెల్లగా ఆరిపోయేటప్పుడు ఆ చివరిభాగాన్ని రొద అనుకొని కోసేస్తుంది. రొద తగ్గించే సదుపాయాన్ని, ఆటోమేటిక్ లెవెల్‌ను ఆపుకోవడానికి వీలున్న యాప్ పెట్టుకొని, వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంత గట్టిగా వాయించినా లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. రెండు మైకులు ఉండాల్సిందే అనేవాళ్ల మాట వినకండి. రెండింటినీ తోచిన చోట పెట్టి కలిపితే ఒకదాని ధ్వనిని ఇంకొకటి కొట్టేసి స్వరం పలచబడుతుంది. ఒక్క చోటు నుంచి వినిపించే పియానోలో నాకైతే ఏ లోటూ కనబడదు.

మన ఇళ్లలోకి వచ్చే అప్‌రైట్ పియానోకు సౌండ్‌బోర్డు వెనక ఉంటుంది. దాన్ని తెచ్చి గోడకు ఆనించి నోరు నొక్కేస్తాం. రెండడుగులు ముందుకు లాగి, ఫోను దాని వెనక పెట్టి రికార్డు చేసి వినండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే పని అసలు పెట్టుకోవద్దు, మంద్రస్వరాల గుబగుబను అవి ఏమీ చేయలేవు. గ్రానైట్ నేల మీద జంపఖానా, మూలలో నిలబెట్టిన దూది పరుపు వాటికన్నా నయం. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపేయండి.

ఇక రైళ్లు. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం లైన్లు కలిసే మన పాకాల జంక్షన్లో నిశ్శబ్దం కోసం అర్ధరాత్రి దాకా మేలుకోవద్దు. నిద్రకళ్లతో వాయించిన పాట కన్నా హారన్ పడిన పాటే మేలు. పియానిస్టు గ్లెన్ గౌల్డ్ వాయిస్తూ కూనిరాగం తీసేవాడు. 1955 నాటి ఆయన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రికార్డులో అది ఇప్పటికీ వినబడుతుంది, జనం ఇప్పటికీ వింటున్నారు.

ఇదే ధర్మవరం లైన్లో ముందుకు వెళ్తే మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో అక్కడి థియోసాఫికల్ కాలేజీలో రవీంద్రుడు జనగణమన పాడితే, ప్రిన్సిపాల్ భార్య, సంగీతంలో పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టారు. స్వరాలు దక్కాయి గానీ ఆనాటి గానం మనకు దక్కలేదు. ఏ రొదతో కలిసి ఉన్నా సరే, అది ఈరోజు దొరికితే కళ్లకద్దుకోమా?

మన జిల్లాల్లో పియానో ట్యూనర్లు దొరకడం కష్టం. సంక్రాంతి తర్వాత రావాలంటే ఇప్పుడే ఫోన్ చేసి మాట్లాడుకోండి.