చావుల పుస్తకం

నల్ల అట్టతో, మోయలేనంత బరువుండే పుస్తకాన్ని నేను. ఇంగ్లండు, వేల్సుల్లో చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కించుకున్న సూచికల వంశం మాది. పుట్టినవాళ్ల పేర్లు ఎర్ర అట్టల పుస్తకాల్లో ఉంటాయి. 2007 దాకా లండన్‌లో మమ్మల్ని ఎవరైనా తిరగేయగలిగేవాళ్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్లే.

కొందరికి మాత్రం చిన్నపిల్లలే కావాలి. తమ ఈడువాడై ఉండాలి, పసితనంలోనే పోయుండాలి. అలాంటి పేరు దొరికితే దాని జనన ధ్రువపత్రం తీసుకుని, ఆ పేరుతో కొత్త మనిషయ్యేవాళ్లు. వాళ్లు లండన్ పోలీసుల స్పెషల్ డిమాన్‌స్ట్రేషన్ స్క్వాడ్ మనుషులు. వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలు చూసి 1968లో పెట్టిన రహస్య దళం అది. ఫ్రెడరిక్ ఫోర్‌సైత్ నవలలో జాకాల్ అనే హంతకుడి ఎత్తు ఇదే కాబట్టి, ఈ వెతుకులాటను వాళ్లలో వాళ్లు 'జాకాల్ రన్' అనుకునేవాళ్లు.

జుట్టూ గడ్డమూ పెంచి ఉద్యమ సంఘాల్లో చేరేవాళ్లు. వ్యాన్లు నడిపేవాళ్లు, కరపత్రాలు పంచేవాళ్లు. కొందరు కార్యకర్తలైన ఆడవాళ్లతో ఏళ్ల తరబడి కాపురమే చేశారు. పని ముగిశాక చెప్పాపెట్టకుండా మాయమయ్యేవాళ్లు.

అలా 1992లో మాయమైన సహచరుడి కోసం వెతుకుతూ వచ్చింది కార్యకర్త హెలెన్ స్టీల్. అతని పుట్టుక ఎర్ర పుస్తకంలో దొరికింది. అక్కడితో ఆగకుండా మరణాల సూచికలూ తీసింది. అదే పేరు, వయసు ఎనిమిదేళ్లు. తనతో కాపురం చేసినవాడు ఎవరో నేను చెప్పలేకపోయాను. ఎవరు కాదో మాత్రం చెప్పాను.

ఇలా వాడుకున్న, లేదా వాడుకుని ఉండొచ్చనుకున్న పేర్లు 42 అని 2013లో పోలీసుల సొంత విచారణే తేల్చింది. కమిషనర్ క్షమాపణ చెప్పారు. అవి ఏ పిల్లల పేర్లో కన్నవాళ్లకు చెప్పేది లేదని కూడా అప్పుడే అన్నారు. తర్వాత ప్రభుత్వం బహిరంగ విచారణ సంఘం వేసింది. ఆ దళాన్ని మొదట్లోనే మూసేయాల్సిందని అది 2023లో రాసింది. అప్పటికి దళం మూతపడి పదిహేనేళ్లు.

బిడ్డ పోయిన దుఃఖంలో రిజిస్ట్రార్ ముందు కూర్చున్న తండ్రి తన పేరు చెప్పాలి, సంతకం పెట్టాలి. కావాలని అబద్ధం చెబితే అది నేరం. ఆ బిడ్డ పేరునే అబద్ధంగా తొడుక్కుని తిరిగిన పోలీసుల్లో ఒక్కరి మీద కూడా కేసు నడవలేదు.