కాఫికప్పు పద్యమునకు టీకా తాత్పర్యము

తే. కాఫి కప్పునుఁ జేబట్టి కదలు నొకఁడు
మెడను నామపట్టముఁ దాల్చి మెల్లమెల్ల
స్లైడు లెన్నెన్నొ చూపెడి సభకు వచ్చి
ప్రశ్న యడుగుదు నని చెప్పి పలుకుఁ గథను.

అవతారిక. డేటాబేసులను నమ్ముకొని బ్రతుకువారు, అనగా పరుల పేర్లను, పరుల లెక్కలను, పరుల బాకీలను రేయింబవళ్లు పట్టికలలో భద్రపరచుచు, అవి అడిగిన క్షణమున అందనిచో అర్ధరాత్రి ఫోనుచే మేల్కొలుపబడువారు, తమ గోడు తమవారికి దప్ప ఇంటివారికి సైతము బోధపడదని గ్రహించి, ఏడాదికొక పర్యాయము ఒకచోట గుమిగూడుదురు. హైదరాబాదున హైటెక్ సిటీ చెంతనున్న అంతర్జాతీయ సమావేశ మందిరమున నట్టి సభ యొకటి జరుగుచుండగా, ఎవరో పారవేసిన కార్యక్రమపత్రము వెనుకవైపున ఈ తేటగీతి కానవచ్చినది. కర్త పేరు లేదు. డీబీఏ, అనగా డేటాబేసుల కాపరి, యని కొందరు, డెవలపరని కొందరు ఊహించిరి. పద్యమున ధ్వనించు విసుగును బట్టి చూడగా, ముందు వరుసలో లాప్‌టాపు నొడిలో బెట్టుకొని తన వంతునకై వేచియుండి, ముందటి ప్రసంగము వేళ మీరుచుండుట చూచి లోలోన ఉడికిపోవుచున్న తరువాతి వక్తయే దీని కర్త యని నా నిశ్చయము.

టీక. కాఫి కప్పునుఁ జేబట్టి = చేయి కాలుచున్నను వదలరాని కాగితపు కప్పును పట్టుకొని. "టీ కప్పునుఁ జేబట్టి" యను పాఠాంతరమును ఆదరించువారు కలరు. దానివలన తొలి గణము చెడుటయే గాక యతియు దప్పును గావున, ఇరానీ చాయ్ మీద మనకెంత గౌరవమున్నను అది త్యాజ్యము. కదలును = ఒక గదినుండి వేరొక గదికి దిరుగును. ఏకకాలమున నాలుగు గదులలో నాలుగు ప్రసంగములు సాగుచుండును. ఏ యొకటి వినినను తక్కిన మూడును చేజారును. అందుచే అనుభవశాలి ఏ గదియందును ఆదిలోనే ఆసనము స్వీకరింపక, తలుపు చెంత నిలిచి, వక్త మొదటి అయిదు నిమిషములలో తన కంపెనీ గొప్పలు చెప్పుచున్నాడా, పని చెప్పుచున్నాడా యని పరీక్షించి, పిమ్మటనే లోనికి అడుగిడును.

నామపట్టముఁ దాల్చి = పేరు, కంపెనీ ముద్రించిన అట్టను తాడుతో మెడకు వ్రేలాడదీసికొని. సభలో ఎదురైనవారి చూపు మొదట ఈ అట్టమీద, అందును పేరుకంటె ముందు కంపెనీ మీద వ్రాలి, పిదప తీరుబడిగా ముఖమునకు ప్రాకును. సియాటిల్ నగరమున పెక్కేండ్లు నడచిన పాస్ సమ్మిట్టునందు, ఎస్క్యూఎల్ సర్వరను డేటాబేసును వాడువారు ఈ అట్టక్రింద వక్తయనియు, తొలిసారి వచ్చినవాడనియు, స్వచ్ఛంద సేవకుడనియు రంగురంగుల రిబ్బనులు ఒకదానిక్రింద నొకటి అంటించుకొని తిరుగుట ఆచారముగా నుండెను. మనయొద్ద రిబ్బనుల వాడుక అంతగా లేదు గాని క్యూఆర్ కోడు కలదు. స్టాలువాడు దానిని స్కాను చేసి ఒక టీషర్టు నిచ్చును. ఆ టీషర్టు రెండు ఉతుకులకే వెలిసిపోవును గాని, దానికి ప్రతిగా ఇచ్చిన ఫోను నంబరునకు వారినుండి వచ్చు పిలుపులు మాత్రము వెలియవు.

మెల్లమెల్ల = అతి నిదానముగా. ఈ నిదానమునకు హేతువేమి? ఉదయము ఆరగించిన వడ, ఉప్మాల భారమే యని పూర్వపక్షము. అది నిలువదు. ఏలన, భోజనానంతరము సైతము ఇతడు ఇదే నడకతో వచ్చుచున్నాడు. గోడ ప్రక్కన ప్లగ్గు పాయింటు గల కుర్చీ యెక్కడ ఖాళీగా నున్నదో వెదకుచు వచ్చుచున్నాడు గావుననే నెమ్మదియని సిద్ధాంతము.

స్లైడు లెన్నెన్నొ చూపెడి సభకు = నలుబదియైదు నిమిషములకు డెబ్బది స్లైడులు తెచ్చిన వక్త యున్న గదికి. ఇచట వక్త ధర్మమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. వక్తలు దేనికి వెఱవకున్నను డెమోకు వెఱతురు. కొందరు ఆ వెఱపుచేతనే ఒక తేలిక మాయకు లొంగుదురు. వెదకుటకు దారిచూపు ఇండెక్సు లేని పెద్దపట్టికపై క్వెరీని, అనగా సమాచారము నడుగు ప్రశ్నను, నడిపి, పదునొకండు సెకండ్లు పట్టుట సభకు జూపి, ఇండెక్సు నిర్మించి, అదే క్వెరీని మరల నడిపి, రెప్పపాటున ఫలితము రాగా సభవైపు తిరిగి చిరునవ్వు నవ్వుదురు. సభ చప్పట్లు కొట్టును. కాని తొలిసారి ఆ పట్టిక పేజీలన్నియు డిస్కునుండి రావలసియుండెను. ఇండెక్సును నిర్మించుటకై ఇంజను పట్టికను ఆసాంతము చదువుటచే ఆ పేజీలిప్పుడు మెమరీలోనే యున్నవి. వేగమున ఇండెక్సు పాలెంత, మెమరీ పాలెంత యన్నది గడియారము చెప్పజాలదు. నిజాయితీ గల వక్త క్వెరీని నడిపిన ప్రతిసారియు ముందుగా బఫర్లను, అనగా మెమరీలో నిలిచిన పేజీలను, ఖాళీ చేయును. లేదా సెకండ్లను విడిచి, ఎన్ని పేజీలు చదువవలసివచ్చెనో తెలుపు లాజికల్ రీడ్సు సంఖ్యను జూపును. వెనుక వరుసనుండి "ఫాంటు పెంచండి సార్" అను కేక వినవచ్చుట కూడ ఈ ఘట్టముననే. పెంచిన ఫాంటులో ఆ సంఖ్య తెర దాటి పోవుట పరిపాటి.

ప్రశ్న యడుగుదు నని చెప్పి పలుకుఁ గథను = సందేహమున్నదని మైకు పుచ్చుకొని, సందేహమునకు మారుగా స్వానుభవమును వినిపించును. పద్యమునకు ప్రాణము ఈ పాదమే. సభానిర్వాహకులు మొదలగు వ్యాఖ్యాతలందరు దీనిని కేవల నిందగా గ్రహించిరి. అందు నాకు సమ్మతి లేదు. ముందా కథ యెట్టిదో చూతము.

"ప్రశ్నంటే ప్రశ్న కాదు సార్, మా దగ్గర జరిగింది చెప్తాను," అని ఆరంభము. "మాదొక బ్యాంకు. రోజూ రెండు సెకన్లలో వచ్చే రిపోర్టు, ఒక్కోరోజు పొద్దున ఇరవై నిమిషాలైనా రాదు. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే బాగైపోతుంది. రెండు రోజులకు మళ్లీ మొదలు." ఇంతలో వాలంటీరు గడియారము చూపుచుండును. కథకుడు చూడడు. చూచినను చూడనట్లే యుండును.

ఈ కథ మర్మము నెఱిగినవారికి రెండు వాక్యములలోనే తెలియును. ఎస్క్యూఎల్ సర్వరునందు ప్రొసీజరును మొదటిసారి ఏ విలువతో పిలుతురో, ఇంజను ఆ విలువకు దగిన ప్లానునే కట్టుకొని, పిదప వచ్చు విలువలన్నిటికి దానినే వాడును. పల్లెలోని చిన్నశాఖ రిపోర్టు ముందుగా అడుగబడినచో, ఇండెక్సు వెంబడి నడచి ఒక్కొక్క వరుసనే ఏరి తెచ్చు మార్గము కుదురును. కొద్ది వరుసలకు అదియే శ్రేష్ఠము. పిమ్మట లక్షల లావాదేవీలు గల అబిడ్స్ శాఖకు సైతము అదే మార్గమును పట్టిన ఇరువది నిమిషములు పట్టక ఏమగును? రీస్టార్టుతో పాత ప్లాను పోయి, ఆ దినమున పెద్దశాఖ ముందుగా అడిగినయెడల బాగగును. దీనినే పారామీటర్ స్నిఫింగ్ అందురు. డెబ్బది స్లైడులలో ఒకదానియందును లేనిది, రీస్టార్టు చేసి చేసి విసిగిన ఒకని నోట వెలువడినది. అదే బాధగల మరి నలుగురు అప్పుడే తలలెత్తి అతనివైపు చూచిరి.

ఇట్టి కథలసలు ఏల పుట్టుచున్నవని విచారించినచో కొంత పూర్వచరిత్ర చెప్పవలసివచ్చును. 1970లో ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనాలయమున నుండిన ఎడ్గార్ కాడ్, సమాచారమును పట్టికలుగా భావించి, కావలసినది ఏదో చెప్పుటయే మానవుని పని, తెచ్చు మార్గమును యంత్రము చూచుకొనవలెనని ప్రతిపాదించెను. ఒక రికార్డునుండి మరియొక రికార్డునకు ప్రోగ్రామరే దారి వెదకుచు పోవలెనను పక్షమునకు ఛార్లెస్ బాక్‌మన్ నాయకుడు. 1973లో అతనికి ట్యూరింగ్ పురస్కారము వచ్చియుండెను. ఆ మరుసటి యేడు మిషిగన్ రాష్ట్రమున యాన్ ఆర్బరు నగరములో జరిగిన సభయందు వీరిరువురి పక్షములకు బహిరంగవాదము జరిగినది. నేడు మనము ఎస్క్యూఎల్ అనుచున్న భాషకు మాతృకయైన సీక్వెల్‌ను గూర్చి ఛాంబర్లిన్, బాయిస్‌లు రచించిన పత్రము వెలువడినదియు ఆ సభయందే. కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారము 1981లో గాని రాలేదు. అప్పటికి వాదము అతని పక్షమునకే మొగ్గియుండెను.

అయితే ఆ గెలుపునకు మూల్యమొకటి కలదు. దారి చెప్పక గమ్యము మాత్రమే చెప్పి ఆటో ఎక్కినవాడు, డ్రైవరు ఏ సందులో దూర్చినను నోరు మూసుకొని కూర్చుండవలెను గదా. ఎన్ని వరుసలు రావచ్చునో అంచనా వేసి, అందుకగు ఖర్చును లెక్కించి, చౌకయైన దారి నెన్నుకొను ఉపాయమును 1979లో అదే శాన్ హోసే పరిశోధనాలయమునకు చెందిన పాట్రీషియా సెలింజరు, ఆమె సహచరులు ప్రకటించిరి. నేటి ఇంజనులు పెక్కింటికి ఒజ్జబంతి అదియే. అంచనా తప్పినపుడు దారి తప్పును. దారి తప్పినపుడు బ్యాంకువాని కథ పుట్టును. కాడ్ ఓడియుండినచో ఈ కథకుని బాధ వేరుగా నుండెడిది గాని, బాధ లేకుండుట మాత్రము కల్ల.

మరి కథవలన సభకు లాభమేమని శంక. విజయగాథలు విన్నవారికి చప్పట్లు కొట్టుట వచ్చును. అపజయగాథలు విన్నవారు ఇంటికి పోయి తమ బ్యాకపును రిస్టోరు చేసి చూచుకొందురు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వరనుకొని వేరొక సర్వరుపై, అనగా అసలు డేటాబేసుపైననే, తొలగించు ఆజ్ఞ నిచ్చెను. దాదాపు 300 గిగాబైట్ల సమాచారము పోయెను. బ్యాకపులు తీసికొనుచున్నామని నమ్మియుండిరి గాని అక్కరకు వచ్చునప్పటికి అవి పనిచేయుట లేదని తేలినది. ఆరు గంటల క్రిందట వేరొక పనికై తీసిన నకలు దైవికముగా దొరకుటచే బయటపడిరి. ఆ సంస్థ ఇదంతయు దాచక, పునరుద్ధరణ పనిని లోకమునకు ప్రత్యక్షప్రసారముగా జూపినది. ఆ ఇంజనీరును ఎగతాళి చేసినవారు కలరేమో గాని, ఆ దినమున తమ బ్యాకపు ఫైలును మొదటిసారి తెరచి చూచిన డీబీఏలు అంతకంటె ఎక్కువమంది యని నా విశ్వాసము.

తాత్పర్యము. కాఫీ త్రాగుచు, పట్టము వ్రేలాడ, ప్లగ్గు పాయింటు వెదకుకొనుచు వచ్చినవాడొకడు, వక్త యెన్ని స్లైడులు చూపినను ఊరకుండి, కట్టకడపట మైకు పుచ్చుకొని తన చేదును పదిమందితో పంచుకొనుచున్నాడని భావము.

అలంకారము. పైకి నిందవలె దోచుచు లోన స్తుతియైనందున ఇది వ్యాజస్తుతి. కర్తకే ఆ స్తుతి తెలియదని ఆక్షేపింతురేని, తెలియకపోవచ్చును; అతని ప్రసంగము పండ్రెండు నిమిషములు ఆలస్యమై ఆరంభమగుటచే మనస్సు అట్లుండెను. ఇక కథకుని చేతినుండి మైకు లాగికొనిన వాలంటీరు విషయము మూలమున లేదు గావున ఇచట వ్యాఖ్యానింపబడలేదు.