వీపున పేరు మోసిన చొక్కా: ఒక ఐస్ హాకీ జెర్సీ ఆత్మకథ

ఐస్ హాకీలో ఆటగాడు మ్యాచ్‌లో నిజంగా తొడుక్కుని ఆడిన జెర్సీని సేకర్తలు ‘గేమ్ వోర్న్’ అంటారు. అభిమానుల కోసం దుకాణంలో అమ్మినవి, జట్టు కుట్టించినా పెట్టెలోనే ఉండిపోయినవి ఈ లెక్కలోకి రావు. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న తెల్ల జెర్సీ ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 1976-77 సీజన్ కోసం తయారైంది. బతుకంతా ఇతరుల అంకెలు, ఇతరుల పేర్లు మోయడమే పని కాబట్టి దీనికి ‘నేను’ అనే అలవాటు లేదు. తన గురించైనా ‘ఈ జెర్సీ’ అనే చెప్పుకుంటుంది.

జెర్సీ వయసు చెప్పడానికి మొదట చూడాల్సింది గుడ్డ. లీగ్ తొలి దశాబ్దాల జెర్సీలు ఉన్నివి. చెమట పట్టేకొద్దీ బరువెక్కేవి, మూలన పడేస్తే చిమ్మెటలకు మేతయ్యేవి. ఆ తరువాత పత్తి నూలును నునుపు చేసి అల్లిన డ్యురీన్ అనే మందపాటి గుడ్డ రాజ్యమేలింది. 1970లలో నైలాన్, పాలియెస్టర్ అల్లికలు, గాలాడే చిల్లుల మెష్ వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. ఈ జెర్సీది నైలాన్ మెష్. యంత్రం అల్లింది, కత్తెర కోసింది, జట్టు సామగ్రి చూసే ట్రైనర్ ఎవరిచేతో ట్విల్ గుడ్డ అంకెలు కుట్టించాడు. పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే లేదు.

తరువాత చూసేది మెడ దగ్గరి లేబుల్. న్యూయార్క్‌లోని గెర్రీ కాస్బీ, కెనడాలోని సాండో, మాస్కా, సీసీఎం వంటి పేర్లను సేకర్తలు లేబుల్ అక్షరాల తీరును బట్టే గుర్తుపడతారు. ఒక లేబుల్ కొన్నేళ్లపాటు అలాగే నడిచేది కనుక దాన్నిబట్టి ఫలానా సంవత్సరమని చెప్పలేరు, ఫలానా కాలమని మాత్రమే అనగలరు. అమెరికాలో 1960 నుంచి గుడ్డలో ఏ నూలు ఎంత ఉందో, 1972 నుంచి ఎలా ఉతకాలో లేబుల్ మీద చెప్పడం తప్పనిసరైంది. ‘1965 నాటిది’ అని అమ్మజూపిన చొక్కాకు ఉతికే సూచనలు కుట్టి ఉంటే బేరం అక్కడితో ఆగడం మంచిది. ఈ జెర్సీ లేబుల్‌లో సగమే మిగిలింది. మెడకు గుచ్చుకుంటోందని ఎవరో కత్తిరించారు. ఆ క్షణంలో తెగింది అరంగుళం గుడ్డే, కానీ తయారీదారు పేరు దానితోనే పోయింది.

మూడోది రంగు. 1970-71 నుంచి 2002-03 వరకు లీగ్‌లో సొంత రింక్‌లో ఆడే జట్టు తెల్ల జెర్సీ, బయటి నుంచి వచ్చిన జట్టు ముదురు రంగు వేసుకునే పద్ధతి ఉండేది. 2003-04లో అది తిరగబడింది. కాబట్టి ఈ జెర్సీ పెద్ద లీగ్‌లో చూసినదంతా సొంత ఊరి జనాన్నే. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు దీనికి కాస్త గర్వమే.

నాలుగోది పేరు. ఆటగాడి ఇంటిపేరు వీపు మీద ఉండాలన్న నిబంధనను లీగ్ 1977-78లో అందరికీ తప్పనిసరి చేసింది. టొరంటో మేపుల్ లీఫ్స్ యజమాని హెరాల్డ్ బాలర్డ్‌కు అది గిట్టలేదు. పేర్లు చదవగలిగితే కార్యక్రమ పుస్తకం ఎవరు కొంటారన్నది ఆయన బాధ. చివరికి నీలం జెర్సీల మీద అదే నీలంలో అక్షరాలు కుట్టించి, నిబంధన పాటించాననిపించుకున్నాడు. ఈ జెర్సీ వీపు మీదికి పేరు మెల్లగా రాలేదు. మొదటి సీజన్ అంకెతోనే గడిచింది, రెండో ఏడాది అంకె పైన నేమ్‌ప్లేట్ పట్టీ ఒకటి హడావిడిగా కుట్టారు. అసలు అంకెల దారం ఒక ఛాయ, పట్టీ దారం మరో ఛాయ. ఆ తేడా చూసి మోసమనుకునేవాళ్లున్నారు. నిజానికి రెండు సీజన్లు ఆడిన జెర్సీకి అదే సాక్ష్యం.

ఇక అసలు పరీక్ష అరుగుదల. స్టిక్‌కు చుట్టిన నల్ల టేపు ముంజేతుల మీద గీతలు గీస్తుంది. రింక్ చుట్టూ ఉన్న బోర్డులకు ఒరుసుకున్నచోట నైలాన్ కాలినట్టు మెరుస్తుంది, సేకర్తలు దాన్ని ‘బోర్డ్ బర్న్’ అంటారు. ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల, పక్, తగిలినచోట మరక, గోల్ స్తంభానికి కొట్టుకున్నచోట ఎర్ర రంగు. భుజాల లోపలివైపు ప్యాడ్ల రాపిడికి నూలు ఉండలు కడుతుంది. ఆటగాడు స్టిక్ పట్టే తీరును బట్టి ఒక చెయ్యి ఎక్కువ అరుగుతుంది. రెండు చేతులూ సమానంగా అరిగిన జెర్సీని అనుమానించాలి. నకిలీగాళ్లు అరగదీసే గరుకు కాగితానికి కుడి ఎడమలు తెలియవు మరి. ఈ జెర్సీ ఎడమ మోచేతి దగ్గర మూడు మాట్లున్నాయి. రాత్రి మ్యాచ్ ముగిశాక ట్రైనర్ వేసినవి, రేపటి ఆటకు పనికొస్తే చాలని వేసినవి. అందంగా లేవు. అయినా తన ఒంటి మీద ఇంత విలువైనవి మరేవీ లేవని ఈ జెర్సీకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజుల్లో జెర్సీని జ్ఞాపికగా ఎవరూ చూడలేదు. అది సామాను, అంతే. సీజన్ చివర పెద్ద జట్టు తన పాత జెర్సీలను చిన్న లీగుల జట్లకు పంపేది. ఈ జెర్సీ కూడా అలాగే వెళ్లింది. రొమ్ము మీది చిహ్నం విప్పి మరొకటి కుట్టారు, వీపున మొదటి పేరు తీసి రెండోది పెట్టారు. వెనక అంచు లోపల ఒక పట్టీ కూడా వచ్చింది. కొట్లాటలో ప్రత్యర్థి జెర్సీని తలమీదుగా లాగేయకుండా దాన్ని ప్యాంటుకు బిగిస్తారు. తరువాత అది ప్రాక్టీసు చొక్కా అయింది, ఆపైన ఎవరి ఇంటికో చేరింది. అక్కడ బ్లీచ్ పోసి ఉతికారు. నైలాన్‌కు క్లోరిన్ బ్లీచ్ పడదు. తెల్లబడాల్సింది పసుపెక్కింది, నూలు బలహీనపడింది, వేడినీళ్లకు ఎర్ర అంకె రంగు వదిలి చుట్టూ గులాబీ మరక కట్టింది. కొన్నాళ్లు పిల్లలు వీధి హాకీకి తొడుక్కున్నారు. అది నయం, ఆటే కదా. ఆ తరువాత గ్యారేజీలో కారు తుడిచే గుడ్డల మధ్య ఏళ్ల తరబడి పడి ఉంది. ప్రత్యర్థులు లాగితే చిరిగింది ఒకచోటే. ఇంటివాళ్ల శుభ్రత చేసిన నష్టం ఒళ్లంతా ఉంది.

గ్యారేజీ నుంచి సేకర్త చేతిలో పడ్డాక కూడా ఈ జెర్సీని ఉతుకుల నష్టం వెంటాడింది. అతినీలలోహిత దీపం కింద కొత్త దారాలు, కొత్త గుడ్డలు నీలంగా వెలుగుతాయి, వాటిలో తెలుపు పెంచే రసాయనాలు ఉంటాయి కనుక. ఆ రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తరువాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. కాబట్టి పాత ఉన్ని జెర్సీ మీద అంకెల దారం ఒక్కటే మెరిస్తే సందేహించాలి. కానీ ఇళ్లలో వాడే సబ్బుపొడిలో కూడా అవే ఉంటాయి. ఈ జెర్సీ దీపం కింద పెళ్లిపందిరిలా వెలిగేసరికి మొదటి సేకర్త నకిలీ అని తిరిగిచ్చేశాడు. దీపం అనుమానాన్ని చూపగలదు, తీర్పు చెప్పలేదు.

తీర్పు ఫొటో చెప్పింది. పాత మ్యాచ్ ఫొటోలో కనిపించే గుర్తులను చేతిలోని జెర్సీతో పోల్చడాన్ని ‘ఫొటో మ్యాచింగ్’ అంటారు. అంకెలను మనిషి కుట్టినప్పుడు ఏ రెండూ ఒకే చోట కూర్చోవు. చారల అంచుకు అంకె మూల ఎంత దూరంలో ఉంది, మెష్ చిల్లుల ఏ వరుసను అది కోస్తోంది, మాటు ఏ ఆకారంలో ఉంది అన్నవి వేలిముద్రల్లాంటివి. రెండో సేకర్తకు దొరికిన ఫొటోలో ఎడమ మోచేతి మీద రెండు మాట్లు కనిపించాయి. మూడోది ఆ తరువాత వేసినదన్నమాట.

తరువాతి తరాల జెర్సీలకు ఇంత శ్రమ లేదు. 1991-92లో లీగ్ 75 ఏళ్ల ప్యాచ్, 1992-93లో విజేతకిచ్చే స్టాన్లీ కప్ నూరేళ్ల ప్యాచ్ అన్ని జట్లూ వేసుకున్నాయి. 2005లో లీగ్ చిహ్నం నారింజ వదిలి వెండి రంగుకు మారింది. 2007-08లో రీబాక్ ఎడ్జ్, 2017-18లో అడిడాస్, 2024-25లో ఫనాటిక్స్ జెర్సీలు వచ్చాయి. ఇప్పుడు మ్యాచ్ జెర్సీలను జట్లే నమోదు చేసి, ధ్రువీకరించి అమ్ముతాయి. పుట్టిన రోజు నుంచే పత్రాలున్న వాటిని చూసి ఈ జెర్సీకి కొంచెం అసూయ.

ధరల విషయానికొస్తే, 1972 సెప్టెంబర్ 28న మాస్కోలో సోవియట్ జట్టుపై 34 సెకన్లే మిగిలి ఉండగా గెలుపు గోల్ కొట్టిన పాల్ హెండర్సన్ జెర్సీ 2010 వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. వేన్ గ్రెట్జ్‌కీ 1988లో ఎడ్మంటన్ ఆయిలర్స్ తరఫున చివరిసారి వేసుకున్నది 2022లో 14 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఈ జెర్సీ మోసినవాళ్లు అలాంటి పేరున్నవాళ్లు కారు. అందుకే ధర పెంచడానికి ఒక వ్యాపారి రెండో పేరు, చిన్న జట్టు చిహ్నం విప్పి మొదటివి తిరిగి కుట్టించమని సలహా ఇచ్చాడు. బాగుచేయించడం తప్పు కాదు, కొనేవాడికి చెప్పకపోవడం తప్పు. సేకర్త ఆ పని చేయించలేదు. తన జాబితాలో ఇలా రాసుకున్నాడు: తెల్లది, నైలాన్ మెష్, 1976-77, 1977-78 సీజన్లు, చిహ్నం, రెండో పేరు, అంచు పట్టీ తరువాతివి, మొదటి పేరు సూది రంధ్రాలు కనిపిస్తున్నాయి, లేబుల్ సగం లేదు.

ఈ జెర్సీని మళ్లీ ఉతకలేదు. హ్యాంగరుకు తగిలిస్తే మెష్ భుజాల దగ్గర సాగిపోతుంది, ఎండ తగిలితే అంకెల రంగు వెలుస్తుంది, ఫ్రేములో జిగురుతో అంటిస్తే వెనకవైపు ఆధారమంతా మూసుకుపోతుంది. ఆమ్లం లేని కాగితం మడతల మధ్య పెట్టి, చీకటి పెట్టెలో పరిచి ఉంచడమే సరైన పద్ధతి.