కార్క్‌స్క్రూ వచ్చిన ఇల్లు

చాకు తెరవాలంటే గోరుండాలి. గోళ్లు అరగదీసుకోవడానికి ఆ చాకులోనే ఆకురాయి ఉంది. ఆ ఆకురాయి వాడినవాడు మళ్లీ చాకు ఎలా తెరుస్తాడన్నది దాన్ని చేసిన స్విట్జర్లాండ్ వాళ్లకి తట్టినట్టు లేదు.

మేనల్లుడు అమెరికా నుంచి వచ్చి, "మామయ్యా, ఇందులో లేనిది లేదు" అంటూ ఈ ఎర్ర చాకు చేతిలో పెట్టి వెళ్లిన దగ్గర్నుంచి నేను కొరియర్ పార్సెళ్లు పళ్లతో చింపుతున్నాను. టేపు కోద్దామని లాగితే ముందు స్క్రూడ్రైవరు వస్తుంది. దాన్ని మూస్తే డబ్బా మూత తీసేది. ఆ తర్వాత కత్తెర, మీసానికైతే సరిపోతుంది. అసలు అలుగు బయటపడే లోపు మా ఆవిడ కూరగాయల కత్తితో పని కానిచ్చేసి, అట్టపెట్టె మడతపెట్టి అటక మీదికి కూడా ఎక్కించేస్తుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. వెనకాల మెలికలు తిరిగి ఉండే, సీసా బిరడా లాగే కార్క్‌స్క్రూ ఉందే, దాన్ని మాత్రం ఓర్చుకోలేను. స్విస్ సైన్యం మొదట సిపాయిలకిచ్చిన చాకులో ఇది లేదు. తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవరు, తిండిడబ్బా తెరవడానికి ఒకటి, చిల్లు పొడవడానికి ఒకటి, ఓ అలుగు. అంతే. 1897లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన ఆఫీసర్ల కోసం ఇంకో చాకు చేసి, అందులో కార్క్‌స్క్రూ బిగించాడు. సిపాయికి తుపాకీ, ఆఫీసరుకి వైను! ఆ ఆఫీసరుగారి దాహం 125 ఏళ్లు దాటొచ్చి నా లాల్చీ జేబుకి చిల్లు పెడుతోంది.

మన ఊళ్లో 'వైన్స్' అని బోర్డున్న కొట్టుకి వెళ్లి వైను అడిగేవాణ్ని నేనింతవరకు చూళ్లేదు. అక్కడ అమ్మే సీసాలకి మరమూతలు. మా ఇంట్లో బిరడా ఉన్న సీసా అసలే లేదు. అయినా ఉన్న వస్తువుని ఊరికే ఉంచలేం కదా! కొబ్బరికాయ కన్ను పొడిచి నీళ్లు తాగాను. అది శనివారం దేవుడికి కొట్టాల్సిన కాయట. పైజమాకి బొందు ఎక్కిద్దామని దీనికి కట్టి తోస్తే సగం దారిలో గుడ్డలోకి దిగిపోయి, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. "దాన్నలా ఉంచి పిన్నీసు తీసుకోండి" అంది మా ఆవిడ. పిన్నీసుకి ఒకటే పని. అందుకే అది చేస్తుంది.

మా నాన్న చాకుకీ ఒకటే అలుగు. కొమ్ము పిడి. రివెట్టు వదులై, మణికట్టు ఒక్కసారి విదిలిస్తే తెరుచుకునేది. వేపపుల్ల, పెన్సిలు, చుట్ట కొస, ఎరువు బస్తా దారం, మామిడికాయ, అన్నిటికీ అదే. వరస మాత్రం అడక్కండి. తుప్పు పట్టేది, ఒప్పుకుంటాను. ఈ ఎర్రదానికి ఆ బాధ లేదు. కానీ నూతిగట్టు మీద నాలుగు రుద్దులు రుద్దితే నాన్న చాకుకి పదును తిరిగొచ్చేది. ఇదంతా ముసలి గొణుగుడు అనుకుంటే ఫ్రాన్సు వైపు చూడండి. జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన ఒంటి అలుగు, చెక్క పిడి చాకు అక్కడ ఇంకా అమ్ముడవుతూనే ఉంది.

బస్సులో పక్కసీటాయన జామకాయ చేత్తో పట్టుకుని, "చాకేమన్నా ఉందాండీ?" అని అడిగేవాడు. నాన్న తీసిచ్చేవాడు. కాయ కోసి, చాకు పంచెకి తుడిచి, దాంతోపాటు ఒక ముక్క కూడా ఇచ్చేవాడాయన. ఇప్పుడెవరైనా ఆ మాట అడిగితే కండక్టరు బస్సుని పోలీస్ స్టేషనుకి పోనిమ్మంటాడు.

నాన్న పోయాక వాచీ అన్నయ్య తీసుకున్నాడు. ఉంగరం చెల్లికిచ్చాం. చాకు సంగతి ఎవరం ఎత్తలేదు. పాత ఇనుముతో కలిసి తూకంలో పోయి ఉంటుంది. తూకానికి అదేం బరువని!

మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. "చాకు పనికొస్తోందా మామయ్యా?" అన్నాడు. పిల్లాడి మనసు కష్టపెట్టడం ఎందుకని, పిడిలో దూర్చి ఉండే పళ్లపుల్ల బ్రహ్మాండంగా ఉందన్నాను. "అది పోయినా పర్లేదు మామయ్యా, విడిగా అమ్ముతారు" అన్నాడు. అప్పటికే పోయింది.